డిశ్చార్జి తర్వాతే అసలు పరీక్ష

మన ఇళ్లలో రోజూ వినిపించే ఇంగ్లిషు మాటల్లో ‘డిశ్చార్జి’ ఒకటి. ‘ఫోన్ డిశ్చార్జి అయిపోయింది’ అంటే గబగబా ఛార్జర్ వెతుకుతాం. ‘ఇన్వర్టర్ డిశ్చార్జి అయింది’ అంటే కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాం. అదే ‘నాన్నను డిశ్చార్జి చేశారు’ అంటే మాత్రం ఊపిరి పీల్చుకుంటాం. గుమ్మంలో దిష్టి తీసి లోపలికి తీసుకెళ్తాం. బంధువులకు ఫోన్ చేసి ‘గండం గడిచింది’ అని చెబుతాం. మాట ఒకటే. ఒకచోట అది శక్తి అయిపోయిందని చెబుతుంది. ఇంకోచోట శక్తి తిరిగొచ్చిందని మనం అనుకుంటాం.

ఆ అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన మొదటి నెల రోజులు, ముఖ్యంగా మొదటి వారం, పెద్దవయసు వారికి చాలా సున్నితమైన సమయం. జబ్బు తగ్గింది కాబట్టి ఇంటికి పంపారన్నది నిజమే. కానీ ఒంట్లో నిల్వ ఉండాల్సిన సత్తువ ఇంకా నిండలేదన్నదీ అంతే నిజం. ఈ రెండో నిజాన్ని డిశ్చార్జి రోజున ఎవరూ గట్టిగా చెప్పరు, గట్టిగా అడిగేవారూ తక్కువే. బిల్లు ఎంత, బీమా వాళ్లు ఒప్పుకున్నారా, బండి ఎప్పుడొస్తుంది అన్న హడావుడిలోనే ఆ పూట గడిచిపోతుంది.

అమెరికాలో పెద్దవయసు వారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. ఆ పథకంలో ఆసుపత్రుల నుంచి ఇంటికి వెళ్లిన కోటీ 18 లక్షల మందికి పైగా రోగుల రికార్డులను పరిశీలించి, 2009లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక అధ్యయనం ప్రచురించారు. 30 రోజులు తిరక్కుండానే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు మళ్లీ ఆసుపత్రిలో చేరారు. ఆపరేషన్ కాకుండా మందులతో వైద్యం పొంది వెళ్లి, అలా నెలలోపే తిరిగొచ్చిన వారిలో సగం మందికి ఆ మధ్యకాలంలో వైద్యుడిని కలిసినట్లు బిల్లే లేదు. అంటే ఆసుపత్రి గడప దాటాక వారిని చూసినవారే లేరన్నమాట. అక్కడి ప్రభుత్వం 2012 అక్టోబరు నుంచి, కొన్ని జబ్బుల్లో రోగులు మరీ ఎక్కువగా తిరిగొచ్చే ఆసుపత్రులకు చెల్లింపుల్లో కోత పెట్టడం మొదలుపెట్టింది.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే, రోజూ బ్యాటరీలతో పనిచేసేవాళ్లను అడగాలి.

బ్యాటరీ పరీక్ష చెప్పే పాఠం

ఇన్వర్టర్ బ్యాటరీ బాగుందో లేదో చూడమని మెకానిక్‌ను పిలిస్తే, మంచి పనివాడు మీటర్ పెట్టి వోల్టేజీ ఒక్కటే చూసి వెళ్లిపోడు. ఏ భారమూ లేకుండా ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, లోపల ఎంత పాడైపోయినా, 12 వోల్టులకు పైగానే చూపించవచ్చు. అందుకే అతను లోడు పెడతాడు. నాలుగు ఫ్యాన్లు వేయిస్తాడు. అప్పుడు వోల్టేజీ నిలబడితే బ్యాటరీలో ప్రాణం ఉన్నట్టు, టపీమని పడిపోతే లేనట్టు. పాతబడేకొద్దీ బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరుగుతుంది. ఊరికే ఉన్నప్పుడు ఆ లోపం కనబడదు, పని చెప్పినప్పుడే బయటపడుతుంది. పాత సెల్‌ఫోన్ 30 శాతం ఛార్జి ఉందని చూపిస్తూనే, కెమెరా తెరవగానే ఆగిపోయేది కూడా ఇందుకే. ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూల యూపీఎస్ బ్యాటరీలను లోడు పెట్టి పరీక్షించాలనేదీ ఇందుకే. పచ్చలైటు వెలుగుతోందని ఊరుకుంటే కరెంటు పోయిన రోజున వెంటిలేటర్ మీదున్న మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు మంచం మీదున్న పెద్దాయనను చూడండి. బీపీ బాగుంది. జ్వరం లేదు. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 95 చూపిస్తోంది. రక్తపరీక్షలు సర్దుకున్నాయి. ఇవన్నీ లోడు లేని వోల్టేజీలే. ఇంటికి వెళ్లాక ఆయన ఆటో దిగాలి, మెట్లెక్కాలి, రాత్రి రెండు గంటలకు లేచి బాత్‌రూముకు వెళ్లాలి, పది రకాల మాత్రలు వేళకు గుర్తుపెట్టుకుని వేసుకోవాలి. అసలు లోడు అక్కడ పడుతుంది.

అందుకే డిశ్చార్జికి ముందు రోగిని ఒకసారి వార్డులో నడిపించి చూడాలి. కొవిడ్ రోజుల్లో ఆరు నిమిషాల నడక పరీక్ష చాలా ఇళ్లకు పరిచయమైంది. కూర్చున్నప్పుడు 95 ఉన్న ఆక్సిజన్ నడిచాక 90 కంటే కిందికి జారితే ఆ మనిషి ఇంకా సిద్ధంగా లేనట్టే. ఊపిరితిత్తుల జబ్బుకే కాదు, గుండె జబ్బుకూ, పెద్ద ఇన్‌ఫెక్షన్ నుంచి తేరుకున్న వారికీ ఈ నడక చాలా విషయాలు చెబుతుంది. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా బీపీ చూడటం కూడా అలాంటి పరీక్షే. నిలబడగానే పై అంకె 20 పాయింట్లు పడిపోయే వారు బాత్‌రూములో కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. తుంటి ఎముక విరిగాక ‘ఆ ముందు రోజే డిశ్చార్జి అయి వచ్చాడండీ’ అని చెప్పుకొని లాభం లేదు.

తగ్గిన జబ్బు వేరు, తరిగిన బలం వేరు

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు మనిషి ఏం పోగొట్టుకుంటాడో లెక్క వేయండి. రాత్రిళ్లు నిద్ర ఉండదు. పక్క బెడ్డు దగ్గర సందడి, తెల్లవారుజామున రక్తం తీయడం, ఎప్పుడూ వెలిగే లైట్లు. పరీక్షల కోసం పొద్దున్నే పస్తు. ఆకలి ఉండదు, నోటికి రుచి ఉండదు. నొప్పి మందులు, మత్తు మందులు. ఇవి చాలవన్నట్టు రోజంతా మంచం మీదే. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ హృద్రోగ నిపుణుడు డాక్టర్ హార్లన్ క్రమ్‌హోల్జ్ 2013లో ఈ స్థితికి ‘పోస్ట్ హాస్పిటల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. జబ్బు తగ్గినా, చికిత్స కాలంలో పడిన ఒత్తిడి వల్ల మనిషి కొన్ని వారాలపాటు ఏ చిన్న దెబ్బకైనా లొంగిపోయేలా ఉంటాడని దాని సారాంశం. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో ఉండి వెళ్లి, నెలలోపు మళ్లీ చేరిన వారిలో అదే జబ్బుతో వచ్చింది 40 శాతం లోపేనని ఆయన ఎత్తిచూపారు. మిగతావారు ఇన్‌ఫెక్షన్లు, పడిపోవడాలు, ఒంట్లో నీరూ లవణాలూ తగ్గడం, మందుల తేడాలు, ఇలా వేరే కారణాలతో వచ్చారు.

కండ సంగతి మరీ ముఖ్యం. ఏ జబ్బూ లేని పెద్దవయసు వలంటీర్లను పది రోజులపాటు మంచం దిగకుండా ఉంచి చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2007లో ‘జామా’ పత్రికలో వచ్చాయి. ఆ పది రోజుల్లోనే వారి కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. జబ్బు లేని వారికే ఇంత నష్టమైతే, న్యుమోనియాతోనో సెప్సిస్‌తోనో పది రోజులు మంచాన పడ్డ 70 ఏళ్ల మనిషి సంగతి చెప్పనక్కర్లేదు.

బ్యాటరీతో పోలిక ఇక్కడిదాకానే పనికొస్తుంది. ఇక్కడి నుంచి దారి వేరవుతుంది. బ్యాటరీని వాడకుండా పక్కన పెడితే అందులోని ఛార్జి చాలావరకు అలాగే ఉంటుంది, వాడితే తరుగుతుంది. మనిషి కండ అలా కాదు. వాడకుండా పెడితే తరుగుతుంది, కొద్దికొద్దిగా వాడితేనే నిండుతుంది. కానీ మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ‘కదలకు నాన్నా, మేం తెచ్చిస్తాం కదా’, ‘లేవకు అత్తయ్యా, మంచం మీదే తిను’. ఇవి ప్రేమతో అనే మాటలే. అయినా ఆ ప్రేమ కాలి కండను ఇంకాస్త కరిగిస్తుంది. వైద్యుడు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, భోజనానికి కుర్చీలో కూర్చోబెట్టాలి. పూటకు రెండు మూడుసార్లు గదిలోనే నడిపించాలి. మొదటి రోజు పది అడుగులైతే మర్నాడు పదిహేను వేయించాలి. పథ్యం పేరుతో చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టకుండా పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, తినేవారికి చేప, చికెన్ పెట్టాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం మాంసకృత్తులు ఎంత పెట్టాలో డాక్టరునే అడగాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1897లో విల్‌హెల్మ్ పాయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త లెడ్ యాసిడ్ బ్యాటరీల గురించి ఒక సూత్రం చెప్పారు. అదే బ్యాటరీ నుంచి కరెంటును వేగంగా లాగితే, నెమ్మదిగా లాగినప్పటికంటే మొత్తం మీద తక్కువే వస్తుంది. కొత్తగా ఇంటికొచ్చిన రోగి ఒంటికీ ఇంచుమించు ఇలాంటి లెక్కే. ఒకే ఉదయం తలస్నానం చేయించి, మొక్కు తీర్చడానికి గుడికి తీసుకెళ్లి, వచ్చేసరికి హాల్లో పదిమంది పలకరింపులకు కూర్చోబెడితే సాయంత్రానికి మనిషి సొమ్మసిల్లుతాడు. అవే పనులను వారం రోజులకు పంచితే అలసట తెలియదు. పలకరించడానికి వచ్చేవారు మొదటి వారం ఫోన్‌తో సరిపెట్టుకుంటే ఇన్‌ఫెక్షన్ల బెడదా తగ్గుతుంది. మొక్కుకు దేవుడు నెల గడువు ఇవ్వకపోడు.

మందుల సంచి

2003లో ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’లో వచ్చిన మరో అధ్యయనంలో, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన 400 మందిని కనుక్కుంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి వైద్యానికి సంబంధించిన ఏదో ఒక హాని జరిగినట్లు తేలింది. వాటిలో మూడింట రెండొంతులు మందుల వల్ల వచ్చినవే. చాలావాటిని ముందే ఆపగలిగేవారు, లేదా తీవ్రత తగ్గించగలిగేవారు.

మన వార్డుల్లో ఇది ఎలా జరుగుతుందో ఏ ఫిజీషియన్‌ను అడిగినా చెబుతారు. రోగి ఇంట్లో ముందునుంచీ బీపీకి ఒక మాత్ర వాడుతుంటాడు. ఆసుపత్రిలో అదే మందును వేరే కంపెనీ పేరుతో రాస్తారు. ఇంటికి వెళ్లాక పాత స్ట్రిప్పూ కొత్త స్ట్రిప్పూ రెండూ వేసుకుంటాడు. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలున్న మందు ఒకటే. వారం తిరిగేసరికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఒంట్లో నీరు తీసే మాత్ర అయితే పొటాషియం, సోడియం పడిపోయి మనిషి అయోమయంగా మాట్లాడతాడు. పెద్దవయసు కదా, మతిమరుపేమో అని ఇంట్లోవారు అనుకుంటారు.

ఇంకోటి ఇన్సులిన్. ఆయాసం తగ్గడానికి స్టెరాయిడ్లు ఇచ్చినప్పుడు షుగర్ పెరుగుతుంది, దానికి తగ్గట్టు ఇన్సులిన్ పెంచుతారు. ఇంటికొచ్చాక స్టెరాయిడ్ తగ్గుతూ వస్తుంది. ఇన్సులిన్ మోతాదు మాత్రం అలాగే ఉండిపోతే తెల్లవారుజామున షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహే ఉండదు. ‘ఎవరు, ఎప్పుడు, ఎంత తగ్గించాలి’ అన్న ఒక్క వాక్యం డిశ్చార్జి కాగితం మీద ఉంటే ఇది జరగదు.

అందుకని ఇంటికి బయల్దేరే ముందు చేయాల్సిన మొదటి పని, ఇంట్లో ఉన్న పాత మందులన్నీ ఒక సంచిలో వేసి ఆసుపత్రికి తెప్పించడం. కొత్త చీటీ పక్కన పెట్టి, డాక్టరుతోనో ఫార్మసిస్టుతోనో మూడు కుప్పలు చేయించాలి. కొనసాగించాల్సినవి, ఆపేయాల్సినవి, మోతాదు మారినవి. ఆపేయాల్సిన వాటిని మళ్లీ ఇంటికి తీసుకెళ్లొద్దు. ‘ఎందుకైనా ఉంటాయిలే’ అని బీరువాలో దాచిన మాత్రే ఏదో ఒక రాత్రి పొరపాటున నోట్లోకి వెళుతుంది.

ఇంట్లో మెషీన్ ఉంటే

ఇప్పుడు చాలామంది ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌తోనో, బైపాప్‌తోనో, కఫం లాగే సక్షన్ మెషీన్‌తోనో ఇంటికి వెళుతున్నారు. ఇక్కడ రెండు డిశ్చార్జీలూ ఒకే గదిలో కలుస్తాయి. కరెంటు పోతే ఎలా అంటే ‘ఇన్వర్టర్ ఉంది కదండీ’ అని ధైర్యంగా చెబుతారు. ఆ ధైర్యాన్ని ఒకసారి లెక్కతో సరిచూద్దాం.

మన ఇళ్లలో మామూలుగా ఉండేది 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ. గుణిస్తే 1,800 వాట్-అవర్లు. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే కాన్సన్‌ట్రేటర్ దాదాపు 350 వాట్లు తీసుకుంటుందనుకుంటే, కాగితం మీద ఐదు గంటలు రావాలి. కానీ బ్యాటరీ మీద ‘సీ-20’ అని రాసి ఉంటే, ఆ 150 అనేది 20 గంటలపాటు నెమ్మదిగా, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడినప్పటి లెక్క. కాన్సన్‌ట్రేటర్ పెడితే ఇన్వర్టర్ నష్టాలతో కలిపి 30 ఆంపియర్లకు పైనే లాగుతుంది. పాయ్‌కెర్ట్ చెప్పింది ఇక్కడ వర్తిస్తుంది. కొత్త బ్యాటరీతోనే మూడు గంటలు దాటుతుందన్న భరోసా లేదు. రెండు మూడేళ్ల పాతది, నీళ్లు సరిగా పోయనిది అయితే గంట కూడా రాకపోవచ్చు. దానికి తోడు ఫ్యాన్లు, టీవీ నడిస్తే ఇంకా తక్కువ.

కాబట్టి రోగి ఇంటికి రాకముందే మెయిన్ ఆపేసి, మెషీన్ పెట్టి, ఎంతసేపు నడుస్తుందో గడియారం చూసి రాసుకోండి. మీ ఇంటికి సంబంధించిన అసలు అంకె అదే. ఇన్వర్టర్ ‘ప్యూర్ సైన్‌వేవ్’ రకమేనా, ఆ మెషీన్ భారం మోస్తుందా అన్నది ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పక్కన ఒక సిలిండర్ తప్పక ఉంచండి. ‘బి’ టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే 12 గంటలు వస్తుంది. తెరవడం, మూయడం ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో దీపం, అగరబత్తి, సిగరెట్, గ్యాస్ పొయ్యి పనికిరావు. ఆక్సీమీటర్, గ్లూకోమీటర్ బ్యాటరీలకు అదనపు జత కొని పెట్టుకోండి. తెల్లవారుజామున అవి చిన్న ఊళ్లలో దొరకవు.

ముందే హెచ్చరించే ఏర్పాటు

బ్యాటరీల చరిత్రలో వైద్యులకు బాగా తెలిసిన కథ ఒకటుంది. 1958 అక్టోబరులో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే వ్యక్తికి, ప్రపంచంలో మొదటిసారిగా, శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చారు. ఆ మొదటి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత మార్చుకుంటూ, మార్చుకుంటూ ఆయన 2001 వరకు, 86 ఏళ్ల వయసు దాకా జీవించారు. 1970ల్లో లిథియం-అయోడిన్ బ్యాటరీలు వచ్చాక పేస్‌మేకర్ల తీరే మారిపోయింది. ఎక్కువ కాలం రావడం ఒక్కటే కాదు వాటి గొప్ప. అవి ఒక్కసారిగా ఆగిపోవు. నెమ్మదిగా తరుగుతూ, మార్చాల్సిన సమయం దగ్గరపడిందని కొన్ని నెలల ముందే పరీక్షలో చెబుతాయి. ఎప్పుడో ఒకప్పుడు బ్యాటరీ అయిపోవడం ఖాయమని ఇంజినీర్లు ఒప్పుకొన్నారు. అది చెప్పకుండా ఆగిపోవడాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

ఇంటికి వెళ్లే రోగికీ అలాంటి ముందస్తు హెచ్చరిక కావాలి. గుండె వైఫల్యం ఉన్నవారు రోజూ పొద్దున్నే, మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం మొదలయ్యేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆపరేషన్ అయినవారికి కుట్ల దగ్గర ఎరుపు, చీము, జ్వరం, ఒక కాలి పిక్క మాత్రమే వాచడం హెచ్చరికలు. పక్షవాతం వచ్చినవారు నీళ్లు తాగినప్పుడు పొలమారుతుంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళుతోందని అర్థం. పెద్దవారిలో కొత్తగా మాట తడబడటం, పగలంతా మగత, మూత్రం తగ్గడం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవద్దు. ఛాతీలో నొప్పి, ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం లాంటివైతే మరో ఆలోచన లేకుండా 108కి ఫోన్ చేయాలి.

ఆసుపత్రులు చేయాల్సింది

భారమంతా కుటుంబాల మీద వేస్తే న్యాయం కాదు. అమెరికాలోని బోస్టన్ మెడికల్ సెంటర్‌లో డిశ్చార్జి పద్ధతినే కొత్తగా రూపొందించి, దాన్ని ‘ప్రాజెక్ట్ రెడ్’ అన్నారు. ఖరీదైన యంత్రాలేమీ లేవు. ఒక నర్సు ప్రత్యేకంగా ఈ పనే చూసింది. రోగికి అర్థమయ్యే భాషలో, బొమ్మలతో ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. తర్వాతి అపాయింట్‌మెంట్ తనే ఇప్పించింది. చెప్పిందంతా రోగి చేతే తిరిగి చెప్పించింది. రెండు నాలుగు రోజుల్లో ఫార్మసిస్టు ఫోన్ చేసి మందులు సరిగా వాడుతున్నారా అని కనుక్కున్నాడు. 2009లో ఫలితాలు ప్రచురించారు. మామూలు పద్ధతిలో వెళ్లినవారితో పోలిస్తే నెలలోపు ఎమర్జెన్సీకి రావడం, మళ్లీ చేరడం కలిపి 30 శాతం వరకు తగ్గాయి.

మన ప్రభుత్వాసుపత్రుల్లో రద్దీ ఎంతో అందరికీ తెలుసు. ఒక మంచం ఖాళీ కావాలని కింద క్యాజువాలిటీలో స్ట్రెచర్ ఎదురుచూస్తుంటుంది. ఆ ఒత్తిడిలో హౌస్‌సర్జన్ హడావుడిగా ఇంగ్లిషులో రాసిన కాగితమే రోగికి దిక్కు. ప్రైవేటులో కాగితం టైపు చేసి ఉంటుంది కానీ భాష అదే. ‘టీడీఎస్’, ‘హెచ్ఎస్’ అంటే ఏమిటో రోగికి ఎలా తెలుస్తుంది? తెలుగు రాష్ట్రాల్లో ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి సమ్మరీతో పాటు ఒక పేజీ తెలుగు కాగితం తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో జబ్బు పేరు, ఉదయం-మధ్యాహ్నం-రాత్రి గడులతో మందులు, ఆపేసిన మందులు, ప్రమాద సంకేతాలు, ఫోన్ చేయాల్సిన నంబరు, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటే చాలు. ఆ వివరం రోగి ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు చేరితే మూడో రోజునే ఒకరు ఇంటికెళ్లి చూస్తారు. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. వార్డుకు ఒక మనిషి, ఒక ఫోను, ఆ పని ఎవరిదో తేల్చే ఒక ఉత్తర్వు కావాలి.

బీమా సంగతీ చెప్పుకోవాలి. ఆసుపత్రి తుది బిల్లు పంపాక మూడు గంటల్లో అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. ఆ ఆలస్యం వల్ల ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు బీమా కంపెనీయే భరించాలి. దీనివల్ల డబ్బే కాదు, ఇంకో మేలూ ఉంది. రాత్రి తొమ్మిదింటికి అలసిన రోగిని, అలసిన కుటుంబాన్ని, డ్యూటీ మారిన డాక్టరు పంపే డిశ్చార్జి మంచిది కాదు. అప్పటికి మందుల షాపులూ మూసేస్తారు, చెప్పింది ఎవరికీ తలకెక్కదు. వీలైతే పగటి పూటే వెళ్లండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం కేసు రికార్డుల నకళ్లు పొందడం మీ హక్కు. బిల్లు వివాదం పేరుతో రోగిని ఆపి ఉంచకూడదని కూడా అందులో ఉంది. అలాగని ‘మా పూచీ’ అని సంతకం పెట్టి, డాక్టరు వద్దంటున్నా తీసుకెళ్లడం మంచిది కాదు. డబ్బు ఇబ్బందే కారణమైతే దాచకుండా చెప్పండి. ప్రభుత్వాసుపత్రికి మార్చడానికైనా, ఆరోగ్యశ్రీ కింద చూడటానికైనా దారి వెతకవచ్చు.

ఇక కుటుంబాలు చేయాల్సింది ఒక్కటే. డిశ్చార్జి అన్న రోజున బండి పిలిచే ముందు ఓ పావుగంట కూర్చోండి. మంచం పక్కనే, రోగి వింటుండగా అడగండి. ఏ మందులు ఆపాలి? ఏ లక్షణం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఎంత నడవాలి, ఏం తినాలి? రావాల్సిన రిపోర్టులు ఏమైనా మిగిలాయా? మళ్లీ ఏ తేదీన, ఏ గదికి రావాలి? విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోండి. డాక్టరు విసుక్కుంటారేమో అని మొహమాటపడొద్దు. ఆ పావుగంట చాలాసార్లు పది రోజుల రెండో అడ్మిషన్‌ను తప్పిస్తుంది. మళ్లీ చూపించాల్సిన తేదీని ఇంటికి రాగానే క్యాలెండర్ మీద ఎర్రపెన్నుతో గుండ్రంగా చుట్టండి. ‘బాగానే ఉన్నాడు కదా’ అని ఆ తేదీని దాటేయకండి. బాగానే ఉన్నాడో లేదో లోడు పెట్టి చూసే రోజు అదే.